వీపు తిప్పి కూర్చున్న ఆడవాళ్ళు

తొంభైల చివర్లో తణుకు దగ్గర ఓ బళ్ళో డ్రాయింగ్ టీచరుగా చేరాను. ఆ ఊరి చర్చి ఫాదర్ గారు ఒకరోజు లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చనిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న మరియమ్మ గారి బొమ్మ గోడ మీద వెయ్యాలమ్మా. ఇందులో చూసి మీకు తోచినట్టు వెయ్యండి," అన్నారు.

అది ఇటలీ చిత్రాల పుస్తకం. ముందు పేజీలన్నీ మధ్యయుగాలవి. బొమ్మల వెనక అంతా బంగారు రంగు, పెద్ద కళ్ళు, బరువే లేనట్టున్న ఒళ్ళు. తల్లి ఏడుస్తున్నా ముఖం చెదరదు. అవి నాకు వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు మా డ్రాయింగ్ మాస్టారు దేవుడి బొమ్మ నేర్పిందీ అలాగే. ఎదురుగా ఉండాలి, చూసేవాళ్ళని చూడాలి.

ఇంకో పేజీ తిప్పి ఉలిక్కిపడ్డాను. ఇటలీలో కళల పునరుజ్జీవనానికి దారి తీసిన గోడ చిత్రమట. బంగారం పోయి నీలాకాశం వచ్చింది. కొడుకు ముఖానికి ముఖం ఆనించి, నుదురు ముడిచి చూస్తోంది తల్లి. పైన దేవదూతలు గోలుగోలున ఏడుస్తున్నారు. అన్నిటికన్నా నిర్ఘాంతపరిచింది ముందు కూర్చున్న ఇద్దరాడవాళ్ళు. మనకి వీపు పెట్టి కూర్చున్నారు! దేవుడి బొమ్మలో ఇలా వెయ్యొచ్చా? ముఖం కనిపించకపోయినా, వంగిన ఆ వీపుల్లోనే దుఃఖమంతా తెలుస్తోంది.

నేనూ అలాగే వేశాను. నెల పట్టింది. బొమ్మ మీద గుడ్డ తీసిన ఆదివారం, ముందు వరసలోంచి మా బడి ఆయా లేచి నిలబడింది. ఆమె ఇరవై ఏళ్ళ కొడుకు అంతకు ముందు ఏడాది కాలవలో మునిగి చనిపోయాడు.

"అది నేనే కదండీ టీచర్ గారూ!"

గోడ మీది మరియమ్మ ముఖం వంక చూశాను. నిజంగా ఆమే. ఆ ముక్కు, ఆ నుదుటి ముడత. శవాన్ని ఒడ్డుకి చేర్చిన రోజు నేనూ అక్కడున్నాను. ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ వెనక నిలబడి, దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. వాళ్ళ వీపుల మీదుగా చూసిన ముఖాన్నే, నాకు తెలియకుండా గోడకెక్కించాను.

"తప్పయిపోయిందమ్మా. ఆ రోజు కాలవ ఒడ్డుకి నేనూ వచ్చాను. చెరిపేస్తాను."

"చెరపకండి. ఆ రోజు మీరొచ్చారని నాకు తెలీదండి." ఆమె గోడ దగ్గరికి వెళ్ళి, ఒళ్ళో ఉన్న కొడుకు ముఖాన్ని చూసింది. "మావాడికి ఎడం కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉండేదండి. అదొక్కటి పెట్టండి."

ఫాదర్ గారి వంక చూశాను. ఆయన స్టూలు తెచ్చి గోడ పక్కన వేశారు.

మచ్చ పెట్టి దిగాక, గోడ ముందు నేల మీద కూర్చున్న ఆమె పక్కన, జనానికి వీపు పెట్టి నేనూ కూర్చున్నాను.