గోలీ ఒక్కటే, గడ్డ మాత్రం నాకే

నేను గోలీలు ఎగ్గొట్టినందుకే నాకు టీబీ వచ్చిందని మా అత్తింటివాళ్ళు చెప్పుకుంటారు. అది అబద్ధం. ఇంతకన్నా మర్యాదైన మాట దొరికితే వాడేదాన్నే, దొరకలేదు.

మా ఆయనకూ నాకూ, ఇద్దరికీ హెచ్ఐవీ ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పను. తెలుసుకుని వాళ్ళు చేసేదేమీ లేదు. ఇద్దరం ఒకే ఆసుపత్రికి పోతాం, ఒకే రకం గోలీ తెచ్చుకుంటాం, రాత్రి అన్నం తిన్నాక ఒకే చెంబులో నీళ్ళతో మింగుతాం. నాది అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం. డిగ్రీ చదివి ఈ పనేంటని అడిగేవాళ్ళకు కొలతలు తీసుకుంటూనే బుద్ధి చెప్తుంటాను. ఆయనకు సనత్‌నగర్‌లో ఇనుము కోసే వర్క్‌షాపులో పని. సాయంత్రం ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది. ఆ దుమ్మంతా పీల్చే మనిషికి దగ్గు కూడా రాలేదు. ఇస్త్రీ బట్టల మధ్య కూర్చునే నాకు చెవి కింద, మెడ మీద గడ్డ లేచింది. సూదితో తీసి చూసి టీబీ అన్నారు.

సంగతి తెలిసి మా వదిన వచ్చింది. ఆయన అక్క. చెప్పులు విడవకముందే తీర్పు చెప్పేసింది.

"మా తమ్ముడు సక్కగ ఏసుకుంటడు గాబట్టే మంచిగున్నడు. నువ్వు దుకాణం, గిరాకీ అనుకుంట మరిచిపోయినవ్. ఒప్పుకుంటే ఏం పోతది?"

"వదినా, మీ తమ్మునికి గోలీ యాది చేసేదే నేను. మీ బిడ్డ పెండ్లిల బ్యాండు ముందట ఎగురుకుంట మరిచిపోతే, నోట్ల పెట్టింది ఎవరనుకున్నవ్?"

"గా నోరు జూడు! గా నోటికే వచ్చింది రోగం."

"నోటికి రాలే, మెడకొచ్చింది. జర సరిగ్గ చూడు."

మా ఆయన టీవీ వైపు చూస్తున్నాడు. టీవీ ఆపి ఉంది.

"నువ్వన్నా చెప్పవేందయ్యా!" అన్నాను ఆయనతో.

"ఇప్పుడెందుకు లొల్లి, పోనీ తియ్."

ఇద్దరి రక్తంలోనూ వైరస్ కనిపించనంత తక్కువగా ఉందని ఆసుపత్రిలో చెప్పినప్పుడు ఆయన నా పక్కనే ఉన్నాడు. గోలీలు ఎగ్గొట్టే మనిషికి అది ఎట్లా కుదురుతుంది? కానీ వదినకు రిపోర్టుల మీద నమ్మకం లేదు, తమ్ముడి మీద ఉంది. ఆ ఇంట్లో నా నిజానికి సాక్షి ఆయనొక్కడే. ఆ సాక్షి పోనీ తియ్ అన్నాడు. వదిన తన మాటను మోసుకుపోయి చుట్టాలందరికీ పంచింది.

పంజాగుట్టలో ఒక మేడ మీద గదిలో మాలాంటివాళ్ళం నెలకోసారి కలుస్తాం. కొత్తగా జబ్బు బయటపడినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి, ఏళ్ళుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడటం అక్కడి ఆనవాయితీ. చాలాసార్లు ఆ కుర్చీ నాదే, నోరుందని. ఈసారి మాత్రం మీటింగు నడిపే మేడం, గుంటూరు వైపు ఆవిడ, నన్ను తలుపు దగ్గరే ఆపింది.

"ఏమనుకోకండి. ఆ మెడ చూస్తే కొత్తవాళ్ళు బెదిరిపోతారు కదండీ. ఈసారికి మీవారిని మాట్లాడమందాం. మీరు కాస్త వెనక కూర్చోండి."

"వెనకెందుకు మేడం, బీరువల పెట్టి తాళం వెయ్యున్రి."

నవ్వాలో వద్దో తెలియక ఆవిడ ఫ్యాను స్విచ్చి వేసింది. నేను వెనక్కే వెళ్ళి కూర్చున్నాను. ఆయన ముందు కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"నేను రోజు టైముకు గోలీ ఏసుకుంట. గందుకే నాకేం రాలే."

ముందు వరుసలో, కొత్తగా వచ్చి మాస్కు పెట్టుకున్న ఒకామె ఆ మాటకు తల దించుకుంది. ఇక నేను లేచాను.

"గందుకేనా? అదే గోలీ నేను సుత ఏసుకున్న గద. నాకెందుకొచ్చింది? గిందరి ముందట చెప్పు."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"మా ఆమె ఒక్కనాడు సుత తప్పలే. తప్పితే నేనే తప్పిన. నాకెందుకు రాలేదో నాకు తెల్వదు."

ఆ రోజు మాట్లాడటానికి వచ్చిన ఒక కుర్ర డాక్టరు అప్పుడు అందుకున్నాడు. "ఆయన చెప్పింది నిజమేనమ్మా. వైరస్ ఒకటే, మందు ఒకటే అయినా మనుషులు ఒకటి కారు. పుట్టుకతో వచ్చే జన్యువుల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. టీబీ క్రిమిని ఒకరి ఒళ్ళు తొందరగా కట్టడి చేస్తుంది, ఇంకొకరి ఒళ్ళు చెయ్యలేదు. అదొక్కటే కారణం కాదు. గాలి, తిండి, ఒంట్లో శక్తి ఎంత పడిపోయాక మందులు మొదలుపెట్టారు, అన్నీ కలుస్తాయి. మందులు ముప్పును బాగా తగ్గిస్తాయి. పూర్తిగా తీసెయ్యలేవు."

"గట్లయితే నా రక్తం చూసి చెప్పున్రి, నాకు గా తేడా ఉందో లేదో."

"వేలమందిని కలిపి చూస్తే కనిపించే తేడాలమ్మా అవి. మీ ఒక్కరికి ఇదే కారణమని తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. నాకు తెలియదు."

నాకెందుకు వచ్చిందో తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆ డాక్టరే. మా ఇంట్లో అందరికీ అంతా తెలుసు. నేను పోయి మా ఆయన్ను కుర్చీలోంచి లేపి కూర్చున్నాను. మేడం అడ్డం రాలేదు.

"గోలీ మాత్రం మానకున్రి," అన్నాను మాస్కు ఆమెను చూస్తూ. "గడ్డ లేచినా, దగ్గు పట్టినా ఆగకుండ దవాఖానకు పోన్రి. నీదే తప్పని ఎవరన్నా అంటే, నీకెట్ల తెలుసని అడుగున్రి. తల దించకున్రి."

ఆమె తలెత్తింది. "మా అత్తను అడగాల్నంటే భయమైతది అక్కా," అంది. గదంతా నవ్వింది, ఆమెతో సహా.

దిగి వస్తూ మెట్ల మీదే ఆయన్ను నిలదీశాను. "మీ అక్కకు ఎప్పుడు చెప్తవ్ గీ మాట?" ఆయన ముందు నడిచి రోడ్డు దాటేశాడు. సిగ్నల్ పడింది, నేను ఇవతలే ఉండిపోయాను. కారణం డాక్టరుకు తెలియదు, ఒప్పుకున్నాడు. నేను ఒక్కనాడూ గోలీ తప్పలేదని ఈయనకు తెలుసు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు రెండు ముక్కల్లో చెప్పగలిగినదాన్ని సొంత అక్క ముందు చెప్పడానికి ఈ మనిషికి ఏం అడ్డం?