దగ్గు మామయ్య

కరెంటు పనికి ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయటే ఆగి రెండుసార్లు దగ్గడం ఆయన అలవాటు. సొంతింట్లోనూ అంతే. వీధి పిల్లలు దగ్గు మామయ్య అంటారు. ఒకావిడ జాలిపడి మందుసీసా కూడా చేతిలో పెట్టింది. నిజానికి ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి బాదేవాడు. తను వస్తున్నట్టు ఎదుటివాళ్ళకి ముందే తెలియాలి, అందుకే ఆ దగ్గు. అలా దెబ్బలు తిని పెరిగినవాళ్ళ మెదళ్ళను పరీక్షిస్తున్న డాక్టరమ్మ నిన్న ఆయనకి ఆయన మెదడు స్కాన్ చూపించింది. "భయం పుట్టే చోటుకీ, దాన్ని అదుపుచేసే చోటుకీ మధ్య దారులు ఇలాంటివాళ్ళలో బలహీనపడతాయి, మీకు మాత్రం గట్టిగా ఉన్నాయండీ. ఎలా నిలబడ్డాయో మాకూ పూర్తిగా తెలీదు." "వైరింగు పాతదే డాక్టరమ్మా, జాయింట్లు నేనే వేసుకున్నా," అని నవ్వేశాడు.

ఇవాళ పొద్దున కూతురు ఆయన కరెంటు పరీక్షించే కొత్త మీటరుతో ఆడుతూ కింద పడేసింది. దాని అద్దం భళ్ళున పగిలింది. ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచి, గాల్లో ఆగిపోయింది. ఆయన దగ్గాడు, ఈసారి తనకోసమే. పిల్ల ఆ చేతిని చూసింది గానీ బెదరలేదు, మొహం దాచుకోలేదు. "అక్కడే ఉండు నాన్నా, గాజు పెంకులున్నాయి. నీ చెప్పులు తెస్తా," అంది.