మాలక్ష్మి సీమంతం

సీమంతానికొచ్చిన పేరంటాళ్ళు తాంబూలమైనా పుచ్చుకోకుండా, పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. వాళ్ళని పిలిచిందీ నేనే, ఆ నవ్వులో తడిసి ముద్దయిందీ నేనే. చెప్తాను, మీరూ నవ్వుకోండి. కానీ మధ్యలో లేచిపోతే ఊరుకోను. చివర్లో నా గొప్ప కూడా కాస్త ఉంది మరి.

అప్పట్లో మేం బతుకుతెరువుకి హిందీవాళ్ళ దేశం వెళ్ళి, సీతారాండేరాలో ఉండేవాళ్ళం. మా ఆయనది కార్ఖానాలో ఫర్నేసు దగ్గర పని. జుగ్సలాయి బజారు దాటితే ఒక గోశాల ఉండేది. కబేళాకి పోతుంటే విడిపించినవీ, కాళ్ళు విరిగినవీ, ముసలివైపోతే రోడ్డు మీద వదిలేసినవీ ఇక బతికినన్నాళ్ళూ అక్కడే. మనకి నచ్చినదాన్ని ఎంచుకుని దాని మేత మనం చూసుకోవచ్చు. ఇంటికి తోలుకురావడం ఉండదు. పశువు అక్కడ, పుణ్యం ఇక్కడ.

నేనొక తెల్లటి మొహాన్ని ఎంచుకున్నాను. మొహం అని ఎందుకంటున్నానంటే, నాకు కనిపించింది అంతే. మేత తొట్టి గోడ నడుం దాకా ఉండేది. గోడ మీంచి తలలు ఇవతల, తక్కిన ఒళ్ళంతా అవతల చీకట్లో. కాటుక దిద్దినట్టున్న ఆ కళ్ళు చూసి అక్కడికక్కడే "మాలక్ష్మి" అని పేరు పెట్టేశాను. గోవుకి వెనక వైపు వెళ్ళి దండం పెట్టాలని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. పేడలో దిగడానికి బద్ధకించి నేను నుదుటికే బొట్టు పెట్టి వచ్చేసేదాన్ని. ఆ బద్ధకమే నా కొంప ముంచింది.

తవుడూ తెలగపిండీ నా ఒక్కదాని వల్ల ఎక్కడవుతాయి? మా ఇళ్ళ వరసలో ఆడవాళ్ళందర్నీ కూడగట్టాను. ఎదురింటి సింహాచలమ్మ వదిన తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"మేపితే మనకేటొత్తాదే పైడమ్మా?"

"ఈనితే జున్నుపాలు మన వరసకే వదినా!"

జున్ను మాట చెవిన పడ్డాక ఎవరు ఆగుతారు? ఇంటింటి నుంచీ తవుడు నడిచొచ్చింది. గోడ మీంచి తొంగి చూస్తే, ఆ చీకట్లో కూడా మాలక్ష్మి పొట్ట అటూ ఇటూ తోసుకుంటూ పెరగడం తెలిసేది. నలుగుర్ని కన్నదాన్ని, నాకా తెలీదు? ఇది కడుపే అని తేల్చేశాను. గోశాల చూసుకునే రాందీన్ కాకాతో కూడా అనలేదు. ముందే బైటపెడితే దిష్టి కదా!

"పశువుకి సీమంతమేటే? ఎవులైనా ఇంటే నవ్వుతారు!" అన్నాడు మా ఆయన.

"నవ్వనీ. దానికి పుట్టిల్లుందేటి? మనవే పుట్టిల్లు" అన్నాను, కళ్ళొత్తుకుంటూ.

పట్టుచీరలు కట్టాం. చలిమిడి కలిపాం. పచ్చగాజులు దారానికి గుచ్చి దండ చేశాం. రిక్షాలు బారుగా కట్టుకుని జుగ్సలాయి సందుల్లోంచి వెళ్తుంటే గోదాముల ముందు బస్తాలు దింపేవాళ్ళు పని ఆపి చూశారు. ముందు రిక్షాలో నేను, పెళ్ళికూతురు తల్లిలాగా.

"కాకా, హమారా మాలక్ష్మీ కో బాహర్ లావో!" అన్నాను, బైటికి తెమ్మని.

"కౌన్ లక్ష్మీ?"

ఏ లక్ష్మి అంటాడేమిటని మొహం చూపించాను. ఆయన ఆ మొహం చూశాడు, నా మొహం చూశాడు, చలిమిడి పళ్ళెం చూశాడు. పలుపు విప్పి నడిపించుకొచ్చాడు. ముందు తల వచ్చింది. తరవాత కాడి మోసి కాయ కాసిన మెడ. తరవాత పొట్ట. ఆ తరవాత రావలసింది కూడా, ఇంక ఎవరికీ ఏ అనుమానమూ లేకుండా వచ్చింది.

ఎద్దు!

"ఓలమ్మా!" అంది సింహాచలమ్మ వదిన. "ఏటే పైడమ్మా, నీ కూతురికి ఎన్నో నెలే?"

అంతే. పట్టుచీరలన్నీ నేల మీదే.

"మరి ఆ పొట్ట?" అన్నాను ఏడుపు గొంతుతో.

"బచ్చా నహీ దీదీ, ఖలీ హై!" అన్నాడు కాకా. బిడ్డ కాదట, మేం పెట్టిన తెలగపిండేనట. ఆ ఎద్దు ఇక్కడి గోదాములకే ఏళ్ళ తరబడి బస్తాల బండి లాగిందట. కాలు విరిగాక కటికవాడికి అమ్మేస్తుంటే వీళ్ళు విడిపించారట.

నవ్వు ఆగాక వదిన కళ్ళు తుడుచుకుని అడిగింది, "అయితే జున్ను లేనట్టేనా?"

ఒక్కొక్కరే పళ్ళేలు తీసుకుని లేస్తున్నారు. నా పరువు ఎటూ పోయింది, పోతే పోయింది. రేపటి నుంచి వీళ్ళు తవుడు మానేస్తే ఆ మూగజీవి గతేంటి? నోటికి ఏదొస్తే అది అనేశాను.

"మీ మొగుళ్ళు జున్నిత్తన్నారనేటి రోజూ అన్నం ఎడతన్నారు?"

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

"మనోళ్ళు రిటైరైతే కార్ఖానాలో ఏటి సేత్తారు? దండేసి, మిఠాయెట్టి, నాలుగు మంచి మాటలు సెప్పి పంపుతారు. బతుకంతా బస్తాలు లాగినోడు, ఈడికెవులేసేరు దండ?"

సింహాచలమ్మ వదిన గాజుల దండ అందుకుని ఎద్దు మెడలో వేసింది.

"రిటైర్మెంటుకి గాజులేటే, నీ తెలివి తెల్లారా!" అని నన్ను తిట్టి, చలిమిడి ముద్ద మొదట తనే తినిపించింది. తక్కినవాళ్ళు వరస కట్టారు. కాకా చప్పట్లు కొట్టాడు. గాజులు గలగలలాడిస్తూ, పళ్ళెం కూడా నాకేసి, మా రిటైరైన పెద్దాయన కుంటుతూనే దర్జాగా లోపలికి వెళ్ళిపోయాడు.

అతగాడు బతికినన్నాళ్ళూ మా వరస నుంచి తవుడు ఒక్కసారి ఆగలేదు. అంతేనా? కాడి దిగిన మరో రెండు ముసలి ఎద్దుల్ని వదినే వెతికి మరీ ఎంచుకుంది. ఏ ఊళ్ళో ఏ ఎద్దుకి జరిగింది ఇంత వైభవంగా రిటైర్మెంటు? చెప్పండి!

ఆ సాయంత్రం ఇంటికొస్తే మా ఆయన గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "ఏటే, పిల్లా పిల్లోడా?"

"పిల్లోడే! పెన్షను కూడా అయింది!" అని విసురుగా లోపలికెళ్ళి, దేవుడి పటం ముందు దీపం వెలిగించి ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఎవరికి సీమంతం తలపెట్టినా, ముందు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూసుకున్నాకే చలిమిడి కలుపుతానని. మా పెద్దకోడలి సీమంతానికి కూడా ఆ ఒట్టు తప్పలేదు. అత్తగారికి తనంటే ఎంత భక్తో అని ఆ పిచ్చిది ఇప్పటికీ పుట్టింట్లో చెప్పుకుంటుంది.