ఇరవైకి తొమ్మిది

భానుప్రియ ఇల్లు తిరుచానూరులో, అమ్మవారి గుడికి పోయే రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఉంటుంది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని పన్నెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది. భర్త మునిశేఖర్ ఆర్టీసీలో కండక్టరు. తిరుపతి నుంచి చెన్నైకి పోయే బస్సులో రెండు రోజులు డ్యూటీ, ఒక రోజు ఇంట్లో. వాళ్లకు ఒక్కతే కూతురు లోహిత. దగ్గర్లోని ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఏడో తరగతి చదువుతోంది.

భానుప్రియ పుట్టింది సత్యవేడులో. ఇంటికి దగ్గరని వాళ్ల నాయన ఆమెను తమిళ బడిలో వేశాడు. అయిదో తరగతి దాకా అంతా తమిళమే. ఆరో తరగతిలో తెలుగు బడికి మార్చారు. అప్పటిదాకా తెలిసిన లెక్కలకే పేర్లు మారిపోయాయి. సారు అడిగేది ఏమిటో అర్థం చేసుకునేలోపు పక్క పిల్ల జవాబు చెప్పేసేది. పదో తరగతిలో లెక్కలు తప్పింది. మళ్లీ కట్టలేదు. ఆ తర్వాత ఎవరైనా చదువు సంగతి ఎత్తితే మాట మార్చడం అలవాటు చేసుకుంది.

ఆగస్టులో ఒకరోజు లోహిత బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ఇంటి దగ్గరే ట్యూషన్, ముందుగా ఉచితంగా పరీక్ష పెడతామని ఉంది. ఊరికే కదా అని భానుప్రియ ఫోను నంబరు రాసి పంపింది. గురువారం సాయంత్రం హృషీకేశ్ అనే కుర్రాయన వచ్చాడు. నుదుట సన్నటి తిరుచూర్ణం, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్. చెప్పులు బయటే విడిచి, నీళ్లిస్తే పూర్తిగా తాగి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

లోహిత చేతికి ట్యాబ్ ఇచ్చి ఇరవై ప్రశ్నలు పెట్టాడు. ఇరవై నిమిషాలు సమయం. లోహిత పన్నెండు నిమిషాల్లోనే ముగించింది. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ గీతలు లేచాయి. ఎరుపే ఎక్కువగా ఉంది.

"ఇరవైకి తొమ్మిది మేడమ్," అన్నాడు హృషీకేశ్. "పాప చదివేది ఏడో క్లాసు. లెక్కల్లో మాత్రం అయిదో క్లాసు దగ్గరే ఆగిపోయింది. మీరు కంగారు పడొద్దు. ఇప్పుడు పట్టించుకుంటే సరిపోతుంది."

కంగారు పడొద్దని అన్నప్పుడే ఆమెకు కంగారు పుట్టింది. రెండేళ్ల ట్యూషన్ అట. నలభై ఎనిమిది వేలు, నెలకు రెండు వేలు చొప్పున కట్టొచ్చట. ఆదివారంలోగా చేరితే ట్యాబ్ ఉచితమట. అతను ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. భానుప్రియ దాన్ని చివరిదాకా చూసి, ఎక్కడ సంతకం పెట్టాలో మాత్రం తెలుసుకుని మిషను సొరుగులో పెట్టింది.

ఆమెకు అర్థం కానిది ఒకటే. లోహిత ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు 'ఏ' గ్రేడు ఉంది. ఒకే పిల్ల బడిలో ముందు, ట్యాబ్‌లో వెనక ఎట్లా అవుతుంది? రెంటిలో ఏదో ఒకటి అబద్ధం కావాలి. ఏది?

మరుసటి రోజు బడికి పోయింది. లెక్కలు చెప్పే శ్రీనివాసులు సారు వరండాలో నిలబడి విన్నాడు.

"పాపకు 'ఏ' గ్రేడు వస్తా ఉండాది కదమ్మా. బాగానే చదువుతాది."

"మరి ఆయన అయిదో క్లాసు అంటా ఉండాడే సార్?"

"అది వాళ్ల పరీక్షమ్మా. చేర్చినా మంచిదే. చేర్చకపోయినా ఏం కాదు."

ఈ మాటను ఎటు తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇంటికి వస్తుంటే పక్కింటి జ్ఞానాంబ ఎదురైంది. గుడి దారిలో గాజుల అంగడి ఆమెది. కిందటేడు మనవడికి ఇదే ట్యూషన్ పెట్టించింది.

"కళ్లు మూసుకుని చేర్చెయ్ భానూ. మా వాడు ఇప్పుడు ఇంగ్లీషులో టకటకా మాట్లాడతాడు."

"లెక్కలు కూడా బాగొచ్చినాయా అక్కా?"

"అదేమో నాకు తెలీదు. సార్లు మాత్రం ముగ్గురు మారినారు. ఇప్పుడు వచ్చే ఆయన మంచోడే. నెలకొకసారి వస్తాడు."

"నెలకొకసారేనా?"

"ట్యాబ్ ఉండాది కదా. వాడు దాంట్లోనే చూసుకుంటాడు. చూస్తా ఉండాడో ఆడుకుంటా ఉండాడో, నాకేం తెలస్తాది," అని జ్ఞానాంబ నవ్వింది. "అయినా చేర్చెయ్."

శనివారం మునిశేఖర్ ఇంట్లో ఉన్నాడు. అన్నం తింటూ అంతా విన్నాడు.

"పిల్ల వెనకబడిందని తెలిసి కూడా ఊరికే ఉంటే రేపు మనల్నే అంటారు. చేర్చేద్దాం."

సరే అనుకుంది. చేయి కడుక్కుని వచ్చి అతనే మళ్లీ అన్నాడు. "రెండేండ్లంటే మాత్రం ఎక్కువే భానూ. మధ్యలో నచ్చకపోతే?"

"అయితే వద్దా?"

"వద్దని నేనెప్పుడు చెప్పినాను? ఇంట్లో ఉండేదానివి, నీకే బాగా తెలస్తాది. నువ్వేం చెప్తే అది."

భానుప్రియకు ఏడుపు వచ్చినంత పనైంది. తనకు తెలుస్తుందని ఇతను ఎట్లా అనుకున్నాడు? పిల్ల నోటుపుస్తకం తీసి చూసింది. పేజీ పేజీకీ ఎర్ర సిరాతో టిక్కులున్నాయి. ఆ లెక్కలు నిజంగా ఒప్పో, సారు ఊరికే గీశాడో కనుక్కునే దారి ఆమెకు లేదు.

ఆ సాయంత్రం కల్యాణవల్లి జాకెట్టు కొలతలకు వచ్చింది. ఆమె ఆడపిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి నాలుగేళ్ల కింద రిటైరైంది. ఈమె చెప్పినట్టు చేసేస్తానని మనసులో నిశ్చయించుకుని భానుప్రియ మొత్తం కథ చెప్పింది. శ్రీనివాసులు సారు మాట, జ్ఞానాంబ మాట, భర్త రెండు మాటలు, ఏదీ వదల్లేదు.

కల్యాణవల్లి అంతా విని, "పాప ఏమంటోంది?" అని అడిగింది.

భానుప్రియ చేతిలో టేపు అట్లాగే ఉండిపోయింది. మూడు రోజులుగా ఇంతమందిని అడిగింది. పరీక్ష రాసిన పిల్లను అడగలేదు.

"చిన్నపిల్ల టీచరమ్మా. దానికేం తెలస్తాది?"

"ఏమీ తెలియకపోవచ్చు. అడిగి చూడు," అంది కల్యాణవల్లి. అంతకు మించి చేర్చమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

ఆమె వెళ్లగానే భానుప్రియ మిషను ముందు స్టూలు మీద కూర్చుని కూతుర్ని పిలిచింది. లోహిత గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో నేల మీద ముగ్గు వేస్తోంది.

"ఆ రోజు పరీక్షలో అన్ని తప్పులు ఏంటికి వచ్చినాయి పాపా?"

లోహిత తల ఎత్తలేదు. "కష్టంగా ఉన్నింది."

"అంతా కష్టమేనా?"

పిల్ల చాలాసేపు ముగ్గు దిద్దుతూ కూర్చుంది. తర్వాత గొణిగినట్టుగా అంది, "కావాలనే తప్పు పెట్టినా మా."

"ఏంది?"

"మా క్లాసులో వకుళ ఉండాది కదా. వాళ్లింటికి ఒక అక్క వస్తాది ట్యూషన్ చెప్పడానికి. పక్కనే కూర్చుంటాది. అంతా అయ్యేదాకా లేవదు. నాకు మార్కులు తక్కువొస్తే మనింటికి కూడా వస్తాదని..."

భానుప్రియకు ముందు కోపం వచ్చింది. పిల్లను కొట్టడానికి చెయ్యి కూడా లేచింది. కానీ పిల్ల ఇంకా నేల వైపే చూస్తోంది. సాయంత్రం పిల్ల బడి నుంచి వస్తే తను మిషను తొక్కుతూనే పాలు ఎక్కడున్నాయో చెబుతుంది. 'చదువుకో' అంటుంది, అదీ తల తిప్పకుండానే. అది గుర్తొచ్చి చెయ్యి దించుకుంది.

అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. ఇది నిజమేనా? తక్కువ మార్కులు వచ్చిన సిగ్గుతో ఇప్పుడు అల్లి చెబుతోందా? పన్నెండు నిమిషాల్లో ముగించిందంటే కావాలనే చేసి ఉండొచ్చు. ఏమీ రాక, చేతికొచ్చింది నొక్కేసి కూడా ఉండొచ్చు. ఇప్పటిదాకా ఒక్క చిక్కు. ఇప్పుడు రెండు.

ఆదివారం పొద్దున హృషీకేశ్ నవ్వుతూ వచ్చాడు. ఫారం అడగబోయే ముందే భానుప్రియ అంది, "సార్, ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి."

"ఒకసారి పెట్టాం కదా మేడమ్."

"మళ్లా పెట్టండి. వేరే ప్రశ్నలు."

అతను ట్యాబ్ తీశాడు. ఈసారి భానుప్రియ కూతురి పక్కన నేల మీద కూర్చుంది. తెర మీద అక్షరాలు ఆమెకు అర్థం కాలేదు, పిల్ల ముఖమే చూసింది. కొన్నిటికి లోహిత వేలు వెంటనే వెళ్లింది. కొన్నిటి దగ్గర పెదవి కొరుక్కుని ఆగింది. ఇరవై నిమిషాలూ పట్టింది.

ఇరవైకి పన్నెండు వచ్చాయి. తప్పయినవాటిలో ఆరు భిన్నాల లెక్కలే.

అంటే పిల్ల చెప్పింది కొంత నిజం. ట్యాబ్ చెప్పింది కూడా కొంత నిజం. ఏదో ఒకటి అబద్ధమని తేలుతుందనుకున్న భానుప్రియకు ఇది ఇంకా కష్టమైంది.

"చూశారా మేడమ్, పన్నెండు అయినా తక్కువే," అన్నాడు హృషీకేశ్.

"ఈ భిన్నాలు ఒక్కటే నేర్పిస్తారా సార్? ఒక రెండు నెలలు?"

"అట్లా కుదరదు మేడమ్. కంపెనీ రూలు. రెండేళ్లకే ఇస్తారు."

"పోనీ, వచ్చే సారు పాప పక్కన కూర్చుని చెప్తాడా? రోజూ?"

హృషీకేశ్ కొంచెం తడబడ్డాడు. "పాఠాలన్నీ ట్యాబ్‌లోనే ఉంటాయి మేడమ్. సారు నెలకు రెండుసార్లు వచ్చి చూసుకుంటారు."

"మిగతా రోజులు?"

"పాపే చూసుకుంటుంది. చాలా ఈజీగా ఉంటుంది." తర్వాత ఏమనుకున్నాడో, గొంతు తగ్గించి, "పెద్దవాళ్లు ఎవరైనా పక్కనుంటే ఇంకా మంచిదక్కా," అన్నాడు.

భానుప్రియ సొరుగు తెరిచి ఫారం తీసింది. డ్యూటీలో ఉన్న మునిశేఖర్‌కు ఫోను చేద్దామా అనుకుంది. చేస్తే నువ్వేం చెప్తే అది అంటాడు. చివరికి ఫారం హృషీకేశ్ చేతికే తిరిగి ఇచ్చేసింది.

"ఇప్పుడు వద్దు సార్."

"ఎందుకు మేడమ్?"

"నాకే సరిగ్గా తెలీదు. తెలీకుండా రెండేండ్లకు సంతకం పెట్టలేను."

అతను వెళ్లాక లోహిత లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజంతా తల్లితో మాట్లాడలేదు. తప్పు చేశానేమోనన్న దిగులుతో భానుప్రియ ఒక జాకెట్టుకు కుడి చెయ్యి రెండుసార్లు కుట్టి విప్పింది.

సోమవారం సాయంత్రం అయిదున్నరకు మిషను ఆపి మూత వేసింది. చాప పరిచి కూతుర్ని కూర్చోమంది.

"నీకు ఇంగ్లీషు రాదు కదా మా," అంది లోహిత.

"నువ్వు చదివి తెలుగులో చెప్పు."

మొదటి వారం ఇద్దరికీ నరకంలా ఉంది. లోహిత ఒక వాక్యం చదివి తెలుగులోకి మార్చలేక విసుక్కునేది. ప్రశ్న ఏం అడుగుతోందో తనకే తెలియదని అప్పుడు బయటపడింది. బడిలో అర్థం తెలుసుకునే అవసరం పడలేదు. సారు బోర్డు మీద చేసిన లెక్కలే పరీక్షలో వచ్చేవి. ఒక పేజీలో ముక్కాలులో సగం ఎంత అని ఉంది. లోహితకు తెలియలేదు. భానుప్రియ టేపు తీసి ముక్కాలు అంగుళం దగ్గర గోరు పెట్టి, సగానికి మడిచి చూపించింది. ఆమె రోజూ చేసే పనే. దానికి పుస్తకంలో ఏ గీత పైన ఏ అంకె రాయాలో మాత్రం తెలియదు. అది లోహితకు తెలుసు. ఇద్దరూ కలిసి ఆ ఒక్క లెక్క ముగించడానికి అరగంట పట్టింది.

మధ్యలో ఒకసారి భానుప్రియ అలవాటుగా "ఆరెట్టు నార్పత్తెట్టు" అంది. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది. ఎక్కాలు ఇప్పటికీ ఆమెకు తమిళంలోనే వస్తాయి. లోహిత పడీపడీ నవ్వి ఆరో ఎక్కం మొత్తం చెప్పించుకుంది. వాళ్లకు అంతుపట్టని లెక్కలను లోహిత పక్కన గుర్తు పెట్టుకుని, ఆదివారం పొద్దున కల్యాణవల్లి ఇంటికి తీసుకుపోయి చెప్పించుకునేది.

జనవరిలో ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కల్లో ఎప్పుడూ 'ఏ' వచ్చే పిల్లకు ఈసారి 'బి' వచ్చింది.

భానుప్రియ ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. జ్ఞానాంబ మనవడికి బడిలో బహుమతి వచ్చిందని అదే వారం తెలిసింది. తను తిరిగిచ్చేసిన ఆ ఫారమే మూడు రోజులు కళ్లలో తిరిగింది.

"ఎట్లా తగ్గింది పాపా?"

"ఇంతకు ముందు సారు చేసిన లెక్కలు చూసి అట్లే రాసేదాన్ని మా. ఈసారి అన్నీ నేనే చేసినా," అంది లోహిత. "రెండిటికి టైం సాల్లేదు."

పిల్ల ముఖంలో బాధ లేదు. అది చూసి సంతోషపడాలో, పిల్లకు పట్టనట్టుందని భయపడాలో భానుప్రియకు తెలియలేదు.

ఆ రోజు మునిశేఖర్ ఇంట్లోనే ఉన్నాడు. కార్డు చూసి పెన్ను అందుకుని, సంతకం పెట్టే ముందు ఆగాడు.

"భానూ, మనం చేసింది కరెక్టేనా?"

"ఏమోనండీ." ఆమె చాప దులిపి పరిచింది. "నిన్న ఒక లెక్క చేసింది. నేనేం చెప్పలేదు. టేపు కూడా తియ్యలేదు. పెన్సిలు పట్టుకుని అట్లే చేసేసింది. అది మాత్రం నేను చూసినా."

మునిశేఖర్ సంతకం పెట్టాడు. లోపలి నుంచి లోహిత అరిచింది, "మా, అయిదున్నర అయింది."