యూసుఫ్ పేరు చదివిన రోజు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, పసుపు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థ నన్ను జిల్లా కోఆర్డినేటర్‌గా ఆర్మూరుకు పంపింది. గల్ఫ్‌లో చిక్కుకున్న కార్మికుల కాగితాలు సిద్ధం చేయడం, అక్కడి మన ఎంబసీలో కార్మికుల వ్యవహారాలు చూసే అధికారి వెంటపడటం నా పని. యజమానితో మాట్లాడే అధికారం ఎంబసీదే. ఎంబసీని నిద్రపోనివ్వకపోవడం మా వంతు.

నందిపేట్ నుంచి వెళ్లిన యూసుఫ్ ఎడారిలో ఒంటెల కొట్టంలో ఇరుక్కుపోయాడు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉంది. అతను ఒప్పుకుంటే తప్ప దేశం దాటే అనుమతి రాదు. యూసుఫ్ భార్య షహనాజ్ ఆర్మూరులో పసుపు కొమ్ములు ఏరే కూలికి వచ్చేది, పని దిగగానే మా ఆఫీసులో కూర్చునేది. ఎంబసీ అధికారి నెలల తరబడి బతిమాలితే, రంజాన్ పండుగ కాగానే పంపిస్తానని యజమాని మాట ఇచ్చాడు. మా పనిలో ఇలాంటప్పుడు నోరు కుట్టేసుకోవాలి. మనిషి విమానం దిగేదాకా పేరు, ఊరు, ఫోటో బయటకు రాకూడదు. ఢిల్లీలోని మా ప్రధాన ఆఫీసుకు పంపిన ఫైలు మీద కూడా ఆ మాటే రాశాను.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ విదేశంలో ఒక అంతర్జాతీయ సమావేశానికి వెళ్లాడు. అక్కడ ప్రభుత్వాల ప్రతినిధుల ముందు మాలాంటి సంస్థలను కాసేపు మాట్లాడనిస్తారు. ఆయన యూసుఫ్ ఫోటో తెర మీద వేసి, యజమాని పేరుతో సహా కథంతా చదివాడు. చప్పట్లు కొట్టారట. ఆ వీడియో తిరిగి తిరిగి యజమాని ఫోన్‌కు చేరింది. పనివాడు పారిపోయాడని అతను కక్షతో పోలీసులకు అబద్ధపు ఫిర్యాదు చేశాడు, అక్కడ అది నేరం. యూసుఫ్‌ను జైల్లో వేశారు.

నా ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి అడిగితే, పేరు లేని కేసును అక్కడ ఎవరూ పట్టించుకోరని డైరెక్టర్ తాపీగా చెప్పాడు. దేశాల మీద ఒత్తిడి తేవడం మా బాధ్యతట. కాదనను. ఆ బరువు ఎవరి మెడ మీద పడుతుందో చూసుకోవద్దా?

షహనాజ్ చేతుల పసుపైనా కడుక్కోకుండా వచ్చింది. "గాయిన్ని ఇంటికి తెస్తరని గదా మేడం మీకు ఫోటో ఇచ్చిన? గంతమంది ముంగట ఎందుకు సూపిచ్చిన్రు?" అంది.

మళ్లీ ఆ ఎంబసీ అధికారినే కాళ్లావేళ్లా పడి బతిమాలాను. చివరికి యూసుఫ్‌ను జైలు నుంచే తిప్పి పంపారు, ఇక ఆ దేశంలో అడుగు పెట్టకూడదన్న నిషేధంతో. హైదరాబాద్ విమానాశ్రయానికి మా ఢిల్లీవాళ్లు బ్యానర్, కెమెరా పట్టుకుని వచ్చారు. సిగ్గులేకపోతే సరి! యూసుఫ్ దస్తీతో మొహం కప్పుకున్నాడు.

"ఫోటో వద్దు భయ్. మీ ఫోటోకే నన్ను లోపలేసిన్రు," అన్నాడు.

రిటైరయ్యేదాకా ఆర్మూరులోనే పనిచేశాను. సమావేశాలకు కేసులు కావాలని ఢిల్లీ అడిగినప్పుడల్లా, ఇంటికి చేరినవాళ్లవి, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే పంపాను. ఇంకా అక్కడ చిక్కుకుని ఉన్నవాళ్ల పేరు ఒక్కటీ ఇవ్వలేదు.