చోంగ్‌చింగ్ ఏటి ఒడ్డున మా అమ్మ

నేను మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకోకపోయి ఉంటే మా అమ్మ చోంగ్‌చింగ్ చూసేది కాదు.

బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్లు చేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. స్కూటర్ల మోటార్లు చైనా నుంచి వస్తాయి. అక్కడే ఉండి, అవి ఓడెక్కకముందే పరీక్షించి పంపడానికి ఒక మనిషి కావాలని నన్ను పంపించారు. అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరి దగ్గర ఒక మెట్ట పల్లెలో పుట్టినదాన్ని నేను. మాకు తెలిసిన నది పెన్న ఒక్కటే. అందులోనూ నీళ్లకంటే ఇసుకే ఎక్కువ చూశాం. తాడిపత్రి దగ్గర వంతెన మీద బస్సు పోయేటప్పుడు కింద కాస్త నీటి పాయ మెరిస్తే చాలు, బస్సులోని జనమంతా అటువైపు కిటికీల్లోకి వంగేవాళ్లు. అటువంటి చోటినుంచి పోయి రెండు పెద్ద నదులు కలిసే ఊళ్లో దిగాను.

చోంగ్‌చింగ్‌కు ఒక పక్క యాంగ్‌ట్జీ, ఇంకో పక్క జియాలింగ్. రెండింటి నడుమ నాలుకలా పొడుచుకొచ్చిన కొండ. ఆ కొండ మీద కిక్కిరిసిన పాత ఊరు, నదుల అవతలి గట్ల మీద కొత్త ఊళ్లు, వాటిని కలుపుతూ ఎటు చూసినా వంతెనలు. చదునైన నేల అరచేతంత కనపడదు. అందుకే అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు తక్కువ, మెట్లెక్కేవాళ్లు ఎక్కువ. వీధిలోంచి నేరుగా ఒక భవనంలోకి నడిచి, లిఫ్టులో ఎనిమిదంతస్తులు దిగి బయటికొస్తే అక్కడా వీధే, అక్కడా బస్సులే. మెట్రో రైలు ఒకచోట అపార్టుమెంటు పొట్టలోంచి దూరి పోతుంది. మొదట్లో ఫోనులో దారి చూసుకుంటూ పోతే, చేరాల్సిన చోటికి చేరావని ఫోను చెప్పేది. తీరా చూస్తే ఆ చోటు నా నెత్తిమీదో, కాళ్ల కిందో ఉండేది. చలికాలమంతా పొగమంచు. నది కనపడదు, పడవల హారన్ మాత్రం వినపడుతుంది.

మనుషులు మాత్రం తొందరగానే అర్థమయ్యారు. వెళ్లిన వారంలో ఒక పండ్లాయన నా మీద గట్టిగా అరుస్తుంటే, తగాదాకు వచ్చాడనుకుని బిక్కచచ్చిపోయాను. నా చేతిలోని నారింజ పుల్లగా ఉంటుంది, దాన్ని వదిలేసి పక్కది తీసుకోమని చెబుతున్నాడట. ఆ ఊళ్లో ప్రేమగా చెప్పినా అరిచే చెబుతారు. కూరల్లో మిరపకాయలు గుప్పెళ్లతో వేస్తారు. అన్నం తింటూ చెమటలు తుడుచుకుంటారు. నాకు ఎక్కడో మా అనంతపురం పక్కనే తిరుగుతున్నట్టుండేది.

చలికాలం చివర ఒక సన్నని జల్లులో, నాచుపట్టిన మెట్ల మీద జారి చీలమండ విరిగింది. నేనుండేది యాంగ్‌ట్జీకి దక్షిణపు గట్టున, లిఫ్టు లేని పాత కట్టడంలో ఆరో అంతస్తు. సిమెంటు కట్టు వేసి మంచం మీద పడేశారు. సంగతి ఫోనులో చెప్పగానే అమ్మ అడిగింది:

"వంట ఎవరు చేస్తాండారు నీకు?"

"బయట్నించి తెప్పించుకుంటాండా మా."

"నేనొస్తాండా," అని ఫోను పెట్టేసింది.

ఆమెకు పాస్‌పోర్టు ఉంది. వరసగా కరువులు పడిన రోజుల్లో కువైట్‌కు ఇంటిపనికి పోదామని చేయించుకున్నది. అప్పుడు నాయన వద్దని కాళ్లావేళ్లా పడితే ఆగిపోయింది. దాన్నే మళ్లీ కొత్తది చేయించి పెట్టుకుని ఉంది. ఎందుకు చేయించిందో నేను ఎప్పుడూ అడగలేదు. మా కంపెనీ మనిషి ఒకాయన ఆ వైపు వస్తుంటే ఆయన వెంట విమానమెక్కి వచ్చేసింది. సంచిలో రాగిపిండి, వేయించిన శెనక్కాయలు, ఇంటి కారంపొడి.

టాక్సీ వంతెన మీదికి వచ్చినప్పుడు అమ్మ కిటికీకి ముఖం ఆనించి చూసిందట. ఇల్లు చేరి, నా కట్టు తడిమి చూసి, కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత అడిగిన మొదటి మాట ఇదే.

"మేయ్, ఆ నీళ్లు చెరువా, ఏరా?"

"ఏరు మా. యాంగ్‌ట్జీ."

"పారతాండాదా అది?"

"పారతాండాది. సముద్రానికి పోతాది."

"అన్ని నీళ్లూ?" అంది.

మర్నాటి నుంచి నాకు సంగటి చేసిపెట్టి, నేను కునుకు తీసేవేళ ఆరంతస్తులూ దిగి నది దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. భాష రాదు, దారి తెలియదు, తప్పిపోతావని ఎంత చెప్పినా వినలేదు. "కిందికి దిగితే ఏరు, పైకెక్కితే ఇల్లు. దీంట్లో తప్పిపోయేదేముండాది?" అనేది.

ఒకరోజు కొంగులో ఆకుకూర పోసుకొచ్చింది. చూస్తే బచ్చలి. లావుపాటి ఆకులు, నీళ్లు కారుతున్నాయి.

"యాడిది మా ఇది?"

"కింద ఏట్లో ఒక అవ్వ సేద్యం చేస్తాండాది. ఇచ్చినాది."

"ఆమెతో ఏం మాట్లాడినావు నువ్వు?"

"ఆమే పిలిచినాది. మేయ్ మేయ్ అన్నాది, మన పక్క ఆడోళ్లు పిలిచినట్లే. ఇంగ పోకుండా ఎట్లుండేది?"

నాకు నవ్వాగలేదు. చైనా భాషలో మేయ్ మేయ్ అంటే చెల్లెలు అని చెప్పాను. అమ్మకు అందులో వింతేమీ కనపడలేదు. "మరి అదే కదా. నాకంటే పెద్దది ఆమె," అంది.

కట్టు విప్పాక చేతికర్ర ఊతంతో మెల్లగా నేనూ దిగాను. అప్పటికి నది చాలా కిందికి పోయి ఉంది. దిగువన ఎక్కడో ఉన్న పెద్ద ఆనకట్ట చలికాలమంతా నీళ్లు నిలబెడుతుంది. ఎండలు మొదలయ్యేసరికి వదిలేస్తుంది. అప్పుడు గట్టు కింద రాళ్లు, ఒండ్రుమట్టి బయటపడతాయి. వానాకాలం వరద వచ్చేదాకా ఆ నేల ఖాళీ. చుట్టుపక్కల ముసలివాళ్లు దాన్ని తలా కొంచెం పంచుకుని, రాళ్లతో హద్దులు పెట్టుకుని కూరగాయలు వేస్తారు. వెనక్కి తిరిగి చూస్తే గాజు మేడలు, ముందుకు చూస్తే సరుకు పడవలు, నడుమ వంకాయ మళ్లు.

అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, రబ్బరు బూట్లు, నెత్తిన గడ్డి టోపీ. ఆమె భర్త బతికున్నంతకాలం పడవల్లోంచి దిగే మూటలను వెదురు కావడి మీద ఆ మెట్లన్నీ ఎక్కించిన మనిషి. ఆ వెదురు బద్దతోనే ఇప్పుడు ఈమె నీళ్లు మోస్తోంది. ఈ సంగతులన్నీ నాకొచ్చిన అరకొర చైనా మాటలతో, ఆమె యాసలో సగం అర్థం కాక, అడిగి అడిగి తెలుసుకున్నాను.

"ఈ నేల ఎవరిదో అడుగు," అంది అమ్మ.

అడిగాను. అవ్వ గడ్డంతో నదివైపు చూపించి పకపక నవ్వింది. నాలుగు నెలలు మనకిస్తుంది, తర్వాత తీసుకుంటుంది అని చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ముఖం కొంచెం వాడింది. "కాపు అయ్యేదాక అన్నా ఉంటాదా?" అని అడిగింది. ఒక్కో ఏడు ఉంటుందట, ఒక్కో ఏడు ఉండదట.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే మడిలో పనిచేశారు. అమ్మ తెలుగులో మాట్లాడేది, ఆమె తన భాషలో జవాబు చెప్పేది. నేను రాయి మీద కూర్చుని వినేదాన్ని. నా సాయం లేకుండానే వాళ్ల కబుర్లు సాగిపోయేవి. ఒక్క విషయంలోనే తగాదా. అమ్మ నీళ్లు ఎక్కువ పోసేది. నదిలో ముంచడం, తెచ్చి పోయడం, మళ్లీ ముంచడం. వేళ్లు కుళ్లిపోతాయని అవ్వ ఊరంతా వినపడేలా అరిచేది.

"ఏమంటాండాది ఆయమ్మ?"

"నీళ్లు చాలు, చెట్లు చచ్చిపోతాయంటాండాది."

అమ్మ బకెట్టు కింద పెట్టింది గాని చేతికి పనిలేక నిలబడలేకపోయింది. "నీళ్లు ఇంత దగ్గరుంటే పోయకుండా ఎట్ల ఉండేది మే?" అంది నాతో, చిన్నగా. మా చేనికి మూడు బోర్లు వేశాం, మూడూ ఎండిపోయాయి. శెనక్కాయ పైరు వాడిపోయిన ఏళ్లలో అమ్మ చేనివైపు పోయేదారి మానేసి, చుట్టూ తిరిగి బస్టాపుకు పోయేది. చిన్నప్పుడు అది నాకు అర్థమయ్యేది కాదు.

సాయంత్రాలు నాయన వీడియోలో వచ్చేవాడు. మా సంగతులకంటే ముందు, "ఏరు చూపించప్పా," అనేవాడు. ఫోను కిటికీవైపు తిప్పేదాన్ని. ఎండలు ముదిరాక రెండు నదులు కలిసేచోట రంగులు తేటగా తెలిసేవి. జియాలింగ్ ఆకుపచ్చగా, యాంగ్‌ట్జీ ఎర్రమట్టి కలిపినట్టు, కొంతదూరం పక్కపక్కన విడివిడిగా పోయి ఆ తర్వాత కలిసిపోయేవి. నాయన వెనక మా వీధి మనుషులు నలుగురైదుగురు తలలు దూర్చి చూసేవాళ్లు. "అబ్బో" అని ఒకరు, "దాంట్లో ఒక కాలవ మన పక్కకు తిప్పమనన్నా," అని ఇంకొకరు.

అమ్మ తిరుగు ప్రయాణానికి వారం ఉందనగా ఎగువన పెద్ద వానలు పడ్డాయి. పొద్దున లేచి చూస్తే నది ముందురోజు ఉన్నచోట లేదు. గట్టు మీద మైకులో హెచ్చరికలు చెబుతున్నారు. నీళ్లు తోసుకుని రావడంలేదు, చప్పుడు లేకుండా రాయి తర్వాత రాయిని మింగుతూ పైకొస్తున్నాయి. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది.

"మా, వద్దు. ఆడికి పోవద్దంటాండారు."

"ఆయమ్మ ఒక్కతే ఉంటాది," అంటూ దిగిపోయింది.

నేను మెట్ల మధ్యదాకా దిగి ఆగిపోయాను. కాలు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. కింద ఇద్దరూ నడుములు వంచి వంకాయలు, మిరపకాయలు, బచ్చలి తీగలు, పాలైనా పట్టని మొక్కజొన్న కంకులు దొరికినవి దొరికినట్టు కోస్తున్నారు. బుట్టలు నిండగానే అమ్మ వెదురు కావడి భుజానికెత్తుకుంది. అవ్వ లాక్కోబోతే ఇవ్వలేదు. నేను పైనుంచి అరుస్తూనే ఉన్నాను, రెండు భాషల్లోనూ. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి మోసుకొచ్చాక నీళ్లు మడి అంచు తాకాయి. అక్కడున్న ఒకాయన వచ్చి గట్టిగా గదమాయించి ఇద్దరినీ పైకి తోలుకొచ్చాడు.

కోసిన కూరగాయలను అవ్వ మెట్ల మీదే కుప్పపోసి, పైకెక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ పిలిచి పిలిచి పంచింది. తనకు కొంచెం, అమ్మకు పెద్ద కుప్ప మిగిల్చింది. తర్వాత మెట్టు మీద కూర్చుని, జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి ఒలుచుకుని తింటూ, మడి మునగడం చూస్తూ ఉంది. వంకాయ మొక్కలు కాసేపు తలలు ఆడించి కిందికి పోయాయి. బచ్చలికి పాతిన కర్రలు మాత్రం చాలాసేపు కనపడ్డాయి.

అమ్మ ఆమె పక్కన నిలబడింది. చూడలేక ముఖం తిప్పుకుంటుందనీ, ఇంటికి పోదాం పద అంటుందనీ అనుకున్నాను. అమ్మ కూర్చుంది. తడిసిన చీరతోనే, ఆమె భుజానికి భుజం ఆనించి. అవ్వ గుప్పెడు గింజలు ఆమె చేతిలో పోసింది. అమ్మకు అవి ఒలవడం రాలేదు. అవ్వ పంటితో చిట్లించి చూపించింది. మునగాల్సింది పూర్తిగా మునిగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"ఏడ్చలేదే ఆయమ్మ," అంది అమ్మ ఇల్లు చేరాక, బచ్చలాకు కడుగుతూ. "నేనూ కూర్చోని చూసినా. అంతేలే."

వారం తర్వాత అమ్మను విమానం ఎక్కించాను. నేను ఇంకో ఏడాది ఆ ఊళ్లోనే ఉన్నాను. నా చిన్నతనంలో అమ్మ నన్ను ఎప్పుడూ చేనిలోకి దిగనివ్వలేదు. చదువుకోమని ఇంటికి తోలేది. మరుసటి వసంతంలో నీళ్లు దిగగానే అవ్వ కిందినుంచి పిలిస్తే, రబ్బరు బూట్లు కొనుక్కుని మర్నాడు పొద్దున్నే దిగాను. మిరపనారు చేతికిచ్చింది. ఎట్లా నాటాలో తెలియక, మా ఊళ్లో అప్పటికింకా తెల్లవారలేదని తెలిసీ ఫోను చేశాను. అమ్మ నిద్రమత్తులోనే లేచి కూర్చుంది.

"ఫోను కిందికి పట్టు, మన్ను చూడనీ," అంది. "ఊఁ. వేలుతో గుంత చెయ్. అంత లోతు వద్దు. వేరు వంగకుండా పెట్టు. ఇప్పుడు చుట్టూ మన్ను ఒత్తు, మెల్లగా."

ఒత్తాను. పక్కన అవ్వ కూడా అదే మాట, తన భాషలో, గట్టిగా అరుస్తూ చెబుతోంది.