మడతలక్క సరిదిద్దిన దుప్పట్లు

"...అన్నీ విప్పి మళ్లీ నువ్వే మడతపెట్టేదానికి, ఆ పిల్ల ఇంత దూరం రావడం దేనికక్కా?"

"మెల్లిగా మాట్లాడు బాబాయ్. వ్యాను ఇంకా గేటు దాటలేదు."

"దాటితే మాత్రం? వారం వారం కాగితం మీద టిక్కు కొడుతున్నావు. అది ఆ పిల్ల మడతకా, నీ మడతకా?"

"ముందు నీ ఇస్త్రీ సంగతి చూడు. దిండు గలీబు మాడుతోంది."

నిజంగానే మాడుతోంది. ఇస్త్రీ బాబాయ్ పరుగెత్తాడు. ఆమె వ్యాను మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, బల్ల చివరనున్న దుప్పట్ల దొంతిని దగ్గరికి లాక్కుంది.

అది ఒక ఆసుపత్రి లాండ్రీలో మడతల గది. పొడవాటి బల్ల, పైన రెండు ట్యూబులైట్లు, గోడ అవతల ఆరబెట్టే యంత్రాల హోరు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని అక్కడే. అందరికీ ఆమె మడతలక్క. తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడైన ఇస్త్రీ బాబాయ్ కూడా అక్కా అనే పిలుస్తాడు. ఆ గదిలో వరసలు వయసును బట్టి కలపరు.

ప్రతి దుప్పటికీ ఒక మూల వార్డు ముద్ర ఉంటుంది. మడత పూర్తయ్యాక అది పైకి కనిపించాలి. సాయంత్రం అయిదున్నరకు ట్రాలీ వార్డులకు వెళుతుంది. ముద్ర లోపలికి పోతే నర్సులు ఒక్కో దుప్పటీ విప్పి చూసుకోవాలి. రోగిని ఒక పక్కకు ఒత్తిగిలించి పట్టుకున్నవాళ్లకు అంత తీరిక ఉండదు.

ఏడు వారాల కిందట ప్రత్యేక పాఠశాల నుంచి ఒక అమ్మాయిని ఇక్కడికి శిక్షణకు పంపారు. పందొమ్మిదేళ్లు. "నేర్చుకోవడం నిదానం. నేర్చుకుందా, ఇక మరిచిపోదు" అని టీచర్ ముందే చెప్పింది. మొత్తం పన్నెండు వారాలు, ఇది ఎనిమిదోది. ప్రతి శనివారం మడతలక్క ఒక కాగితం నింపాలి. అందులో 'ఎవరి సాయమూ లేకుండా చేస్తోందా?' అనే గడి ఒకటుంది. పన్నెండు వారాల తర్వాత ఆ గడిని చూసే ఆసుపత్రి ఆమెను పనిలోకి తీసుకుంటుంది, లేదా ఇంటికి పంపుతుంది.

ఒక్క దుప్పటికి ఆరు నిమిషాలు పట్టిన రోజున ఇస్త్రీ బాబాయ్ ఆమెకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టాడు. బల్లకు అడ్డంగా నిలబడి, "ఎక్స్‌ప్రెస్ ఎందాకా వచ్చిందమ్మా?" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "మీరు పట్టాల మీద నుంచి తప్పుకుంటే కదా బాబాయ్ కదిలేది."

ఆయన పక్కకు జరిగాడు. ఆ తర్వాత రోజూ కాస్త దూరం నుంచే పలకరించేవాడు.

అమ్మాయి మడతల్లో అంచుకు అంచు గీత గీసినట్టు కలిసేది. ముద్ర మాత్రం లోపలికి పోయేది. మొదటి వారం మడతలక్క మూడుసార్లు చెప్పింది. "ముద్ర పైకి రావాలమ్మా. ఇదిగో, ఇలా." ఆ 'ఇలా' పూర్తయ్యేలోపే తన చేతిలో దుప్పటి మడతైపోయేది. అమ్మాయి శ్రద్ధగా చూసేది. తర్వాతి దుప్పటికి ముద్ర మళ్లీ లోపలే. నాలుగోసారి ఆ పిల్ల ముఖం చూసి, మళ్లీ తప్పని చెప్పడానికి మడతలక్కకు నోరు రాలేదు. "బాగుంది, బాగుంది" అనేసింది. ఆ సాయంత్రం నాలుగింటికి బడి వ్యాను అమ్మాయిని తీసుకెళ్లాక దొంతి అంతా విప్పి తనే మళ్లీ మడతపెట్టింది.

ఇది ఆమెకు కొత్తగా వచ్చిన గుణం కాదు. చిన్నప్పుడు తమ్ముడి హోంవర్కు, తమ్ముడి చూచిరాత, చివరికి తమ్ముడు ఆటలో గీయాల్సిన గీతలు కూడా ఆమే గీసింది. వాడు పదో తరగతి తప్పాడు. ఇప్పుడు లారీ నడుపుతూ, ఎవరైనా చదువు సంగతి ఎత్తితే, "పరీక్ష హాల్లోకి మా అక్కని రానివ్వలేదండీ" అని నవ్విస్తాడు. ఇంట్లో భర్త తోమిన గిన్నెలు ఆమె మళ్లీ తోముతుంది. "మా అమ్మ ఉన్న ఇంట్లో ఎవరి పనీ పూర్తి కాదు" అంటుంది కూతురు. మడతలక్క దాన్ని మెప్పుగానే తీసుకుంది.

బాబాయ్ అలా నిలదీసిన మర్నాడు టీచర్ వచ్చింది. చెప్పకుండా రావడం ఆమె పద్ధతి. బల్ల పక్కన ఒక స్టూలు మీద కూర్చుని, అమ్మాయి పది దుప్పట్లు మడతపెట్టేదాకా చూసింది. తర్వాత దొంతిని ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. పదింటికి పదీ ముద్ర లోపలే.

సంచిలోంచి ఏడు వారాల కాగితాలు తీసి మళ్లీ చదువుకుంది. ఇస్త్రీ బాబాయ్ ఒక చేతిరుమాలంత గుడ్డను అంత శ్రద్ధగా ఇస్త్రీ చేయడం ఆ గదిలో ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

"నేనొచ్చానని కంగారు పడిందేమో" అంది టీచర్.

మడతలక్క ఆ మాట పట్టుకుని ఒడ్డెక్కుదామని నోరు తెరిచింది.

"కంగారు లేదు" అంది అమ్మాయి. "రోజూ ఇలాగే పెడతా. అక్క బాగుందంటుంది."

మడతలక్క ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. "నేను మారుస్తున్నాను టీచర్. వ్యాను వెళ్లాక."

"ఎన్నాళ్లుగా?"

"మొదటి వారం నుంచీ."

అమ్మాయి చేతులు ఆగాయి. "రోజూనా?"

"రోజూనమ్మా."

"అన్నీనా?"

"అన్నీ."

"మా నాన్న రోజూ అడుగుతాడు, తప్పులొచ్చాయా అని. ఒక్కటీ రాలేదని చెప్తున్నా." ఆమె దొంతిలో పైనున్న దుప్పటిని తీసి బల్ల మీద పరిచింది. "ఎలా పెట్టాలో చెప్పండి."

"ఇదిగో, ఇలా..."

"అలా కాదు" అంది టీచర్. "ఒక్కో మడతకీ చెయ్యి ఆపండి."

మడతలక్క ఆపింది. ఆపగానే తర్వాత ఏం చేయాలో తోచలేదు. ఇరవై రెండేళ్లలో తన చేతులు ఏం చేస్తున్నాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. దుప్పటి తిరగేసింది, మళ్లీ తిరగేసింది. మొదటిసారి ముద్ర లోపలికే పోయింది. ఇస్త్రీ బాబాయ్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. నాలుగోసారికి సంగతి దొరికింది.

"ముద్ర మూల బల్లకి ఆనాలి. బోర్లా. నీ కుడిచేతి కింద. ఆ మూల ఆఖరిదాకా కదలకూడదు, మిగతాదంతా దాని మీదకి రావాలి. అయిపోయాక మడతంతా తిరగెయ్యి."

అమ్మాయి మూల మీద చెయ్యి ఆనించింది. ఏడు నిమిషాలు పట్టింది. ముద్ర పైకి వచ్చింది. రెండోది పెట్టింది, వచ్చింది. మూడోది లోపలికి పోయింది. దాన్ని ఆమే విప్పింది. మడతలక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

టీచర్ కాగితాలు ముందు పెట్టింది. మడతలక్క ఏడింటి మీదా పాత టిక్కుకు అడ్డగీత పెట్టి, పక్కన 'చేయలేదు, నేను చేశాను' అని రాసి సంతకం పెట్టింది.

"మేనేజరు ఇవి చూస్తే శిక్షణ ఆపేసినా ఆపేస్తాడు" అంది టీచర్. "ఇక నాలుగు వారాలే మిగిలాయి."

"నేనే వెళ్లి చెప్తా. ఏమంటే అది పడతా."

నాలుగైంది. బయట వ్యాను హారన్ మోగింది. అమ్మాయి చేతిలోని దుప్పటి సగం మడతలో ఉంది.

"రేపట్నించి నేను ఈ వ్యాను ఎక్కను టీచర్" అంది. "అయిదున్నరకి ట్రాలీ వెళ్లేదాకా ఉండి, బస్సులో వెళ్తా."